కట్టు, కట్ట, ఆయకట్టు



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా తెలుగు చెప్పారు. సంధులు, సమాసాలు చెప్పేటప్పుడు కూడా ఆయన ఉదాహరణలు పొలంలోంచి, వంటింట్లోంచి, కాలవ గట్టు మీది కబుర్లలోంచి వచ్చేవి. అందుకే ఆయన పేరిట ప్రసంగించమని అడిగినప్పుడు ఒక కవినో కావ్యాన్నో కాకుండా ఒక మాటను ఎంచుకున్నాను. ఆ మాట ‘కట్టు’.

ఏ తెలుగు నిఘంటువు తెరిచినా ఈ మాట దగ్గర పుటలు నిండుతాయి. పశువును కట్టు, ఇల్లు కట్టు, చీర కట్టు, పన్ను కట్టు, తాళి కట్టు, జట్టు కట్టు, పాట కట్టు, లెక్క కట్టు, వరస కట్టు, నడుం కట్టు. నాచు కట్టింది, రక్తం గడ్డకట్టింది, తేనెటీగలు పట్టు కట్టాయి. నామవాచకంగా చూస్తే కట్ట, కట్టు, కట్టడం, కట్టడి, కట్టుబాటు, కట్టుబడి. నిఘంటువు వీటిని అంకెలు వేసి విడదీస్తుంది. అలా విడదీయడం దాని ధర్మం. కాని ఈ కృష్ణా డెల్టాలో తరతరాలుగా మనుషులు చేసిన పనులను దగ్గరపెట్టుకుని చదివితే ఈ అర్థాల మధ్య దారి కనిపిస్తుంది. ఆ దారి చూపించడమే ఈ రోజు నా పని.

ముందు వంశం సంగతి. ఇది చాలా ద్రావిడ భాషలకు ఉమ్మడి ఆస్తి. తమిళంలో కట్టు, కన్నడంలో కట్టు, తుళులో కట్టుని, మలయాళంలో అచ్చు మారి కెట్టు. నీలగిరి కొండల్లో కొద్దిమందే మాట్లాడే తొద, కోత భాషల్లోనూ ఉంది. బరో, ఎమెనో పండితులు 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో వీటన్నిటినీ ఒకచోట చూడవచ్చు. ఈ భాషలు ఒకదానికొకటి దూరం కాకముందే ఈ మాట ఉందన్నమాట. దీనికి సంస్కృతంలో సరిజోడు ‘బంధ్’ ధాతువు. అక్కడా ఇదే వరస. సేతుబంధంలో అది నీటికి అడ్డం, బంధువులో అది చుట్టరికం, ప్రబంధంలో అది కవిత్వం. ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకోకుండానే రెండు భాషా కుటుంబాలు ఒకే దారిన నడిచాయంటే, ఆ దారి మనుషుల పనిలోనే ఉందని నా నమ్మకం.

అన్నిటికీ అడుగున ఉన్న అర్థం ఒకటే. విడిపోయేదాన్ని, జారిపోయేదాన్ని, పారిపోయేదాన్ని ఒకచోట నిలిపి ఉంచడం. తాడుతో నిలిపితే పశువును కట్టడం, సున్నంతో నిలిపితే గోడ కట్టడం. విరిగిన ఎముకను నిలిపితే కట్టు కట్టడం; పుత్తూరు కట్టు పేరు తెలుగునాట వినని వాళ్ళుండరు. చూపును నిలిపేస్తే కనికట్టు. రోగి జిహ్వను నిలుపుకుంటే నోరు కట్టుకోవడం. ఒంటి మీద పట్టీలు చుట్టినట్టు చారలుంటే కట్లపాము. పప్పు ఉడికిన నీటినీ వంటింట్లో కట్టు అంటాం. ఈ జిల్లాకు పేరు తెచ్చిన ఉలవచారు ఆ ఉలవకట్టు మరిగి మరిగి చిక్కబడినదే. మీగడ కట్టినట్టే ఇదీ చిక్కబడే గుణాన్ని బట్టి వచ్చిన పేరని నాకు తోస్తుంది. అలాగని చెవికి ఒకేలా వినిపించేవన్నీ చుట్టాలు కావు. పొయ్యిలో పెట్టే కట్టె ఈ ఇంటిది కాదు; కట్టెలను మోపు కడతాం కాబట్టి ఆ పేరు వచ్చిందనడం చమత్కారమే తప్ప వ్యుత్పత్తి కాదు.

ఇక పన్ను కట్టడం దగ్గర కాసేపు ఆగాలి. డబ్బుకూ కట్టుకూ సంబంధం ఏమిటి? కిరాణా కొట్లో పప్పులకు డబ్బులిస్తాం, కట్టం. ఆటోవాడికి ఇస్తాం, కూలీకి ఇస్తాం, బిచ్చగాడికి వేస్తాం. శిస్తు మాత్రం కడతాం. నీటి తీరువా, కరెంటు బిల్లు, కాలేజీ ఫీజు, బ్యాంకు వాయిదా, వడ్డీ, జరిమానా, చీటీ డబ్బు అన్నీ కడతాం. తేడా ఎక్కడుందో చూడండి. ముందే ఒక ఒప్పందమో అధికారమో మనల్ని పట్టి ఉంచిన చోటనే కట్టడం వస్తుంది. హుండీలో డబ్బు వేస్తాం; మొక్కుకుని మాట ఇచ్చిన డబ్బు అయితే ముడుపు కడతాం. పాత రెవెన్యూ లెక్కల్లో ఇనాం భూములకు తక్కువ మొత్తంగా ఖాయం చేసిన శిస్తును ‘కట్టుబడి’ అన్నారు. ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండడం అన్నప్పుడూ అదే పదం. చదువు రానివాళ్ళు కూడా ఈ తేడాను ఒక్కసారి కూడా తప్పకుండా పాటిస్తారు. కొట్లో ‘పప్పుకు డబ్బు కట్టాను’ అనే తెలుగువాణ్ణి నేను చూడలేదు. ఇంత సున్నితమైన విచక్షణ ఏ వ్యాకరణంలోనూ సూత్రంగా లేదు, జనం నాలుక మీద ఉంది.

బట్టల సంగతీ అంతే. చీర కడతాం, పంచె కడతాం, గోచీ కడతాం. చొక్కా తొడుక్కుంటాం, వేసుకుంటాం. కమ్మలు పెట్టుకుంటాం. కుట్టని గుడ్డను ఒంటి మీద నిలపడానికి చుట్టాలి, దోపాలి, బిగించాలి. అందుకే అది కట్టు. కుట్టిన బట్ట తనంతట తానే నిలుస్తుంది కాబట్టి దానికి ఈ మాట అక్కర్లేదు. అందుకే మనకు చీరకట్టు ఉంది, పంచెకట్టు ఉంది, చొక్కాకట్టు లేదు. కట్టుబట్టలు అన్న మాట మాత్రం ఏ బట్టకైనా చెల్లుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో వేలమంది ప్రాణాలు పోయాయి. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. బతికి బయటపడినవాళ్ళు కట్టుబట్టలతో మిగిలారని ఆ తరం వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఇల్లు, గొడ్డు, గింజ, బిడ్డ పోయాక ఒంటిని అంటిపెట్టుకుని మిగిలిందేమిటో ఆ ఒక్క మాట చెబుతుంది. అంతకన్నా బరువైన మాట నాకు తెలిసి మన దగ్గర లేదు.

ఇప్పుడు నీటి దగ్గరికి వద్దాం. కృష్ణ ఒడ్డున నిలబడి ఈ మాట గురించి మాట్లాడుతూ నీటిని తక్కువ చెప్పడం కుదరదు.

రాయలసీమలో, తెలంగాణలో రైతు మడికి నీళ్ళు ‘కడతాడు’. మన డెల్టాలో చేనుకు నీరు ‘పెడతాం’ అనడమే ఎక్కువ. చెరువుకట్ట నీటిని ఆపుతుంది. నీళ్ళు కట్టడం అంటే నీటిని పారించడం. ఒకే క్రియ ఆపడానికీ, పారించడానికీ ఎలా పనికొచ్చింది? బావి కింద మడి దగ్గర మనిషి ఏం చేస్తాడో చూస్తే తెలుస్తుంది. బోదెలో నీరు వస్తూ ఉంటుంది. అతను చేతిలో పారతో నిలబడి ఉంటాడు. ఒక మడి తడవగానే పక్కనుంచి ఒక్క పార మట్టి తీసి ఆ మడి నోట్లో వేసి, పాదంతో అదిమి మూసేస్తాడు. మరుక్షణం పై మడి నోరు తెరుస్తాడు. నీటిని ముందుకు తోసే శక్తి అతని దగ్గర లేదు. ఒక దారి మూయడమొక్కటే అతను చేయగలిగింది. మూసినప్పుడు నీరు తనంతట తానే రెండో దారి పడుతుంది. నీళ్ళు కట్టడమంటే ఇదే. కాటన్ దొర గోదావరి మీద, ఆ తర్వాత ఆర్ దొర కృష్ణ మీద చేసింది కూడా పెద్ద ఎత్తున ఈ పనే. నదిని ఎవరూ పొలాల్లోకి ఎత్తిపోయలేదు. అడ్డం కట్టి మట్టం లేపారు. నీరు కాలవ దారి పట్టింది.

1832–33లో వచ్చిన నందన కరువును, అంటే డొక్కల కరువును, గుంటూరు మండలం ఎన్నో తరాలు మరవలేదు. పక్కనే పెద్ద నది పారుతుండగా జనం ఆకలితో చచ్చిపోయారు. నదికి అడ్డం కట్టాలన్న ఆలోచన అంతకుముందే ఉన్నా, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు 1850 జనవరిలో గాని ఒప్పుకోలేదు. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య 1852లో ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. కెప్టెన్ చార్లెస్ ఆర్ దగ్గరుండి కట్టించాడు. పొడవు సుమారు 1,130 మీటర్లు. మాటల చరిత్ర రాసేవాడికి ఆ రెండు సంవత్సరాలూ ముచ్చట గొలుపుతాయి. మచిలీపట్నంలో కొంతకాలం కొలువు చేసిన సి.పి. బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును అచ్చు వేసింది 1852లోనే. హెచ్.హెచ్. విల్సన్ న్యాయ, రెవెన్యూ మాటల నిఘంటువు వెలువడింది 1855లోనే. ఇక్కడ కూలీలు రాయి మీద రాయి పేరుస్తున్న కాలంలోనే, ఈ కూలీలూ కరణాలూ వాడే మాటలు దొరల పుస్తకాల్లోకి ఎక్కాయి.

అలా ఎక్కినవాటిలో ఆనకట్ట ఒకటి. తమిళం అణైక్కట్టు, కన్నడం అణెకట్టు, తెలుగు ఆనకట్ట. ఇంగ్లీషు ఇంజనీర్ల నోట అది ‘యానికట్’ అయింది. యూల్, బర్నెల్ 1886లో ప్రచురించిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువులోనూ చోటు సంపాదించింది. దుంగలను కలిపి కట్టిన తెప్ప, తమిళుల కట్టుమరం, కటమరాన్‌గా ప్రపంచమంతా తిరిగింది కూడా ఈ క్రియ పుణ్యమే. ఆనకట్టలోని ‘ఆన’కు మనవాళ్ళు రకరకాల అర్థాలు చెబుతుంటారు. ఆన అంటే వాన అని కొందరు, ఆజ్ఞ అని కొందరు. నదికి ఆన పెట్టారు కాబట్టి ఆనకట్ట అంటారు. వినడానికి సొంపుగా ఉంటుంది. తమిళ, కన్నడ రూపాలతో పోల్చి చూస్తే మాత్రం అది నిలవదు. అణై అంటేనే నీటికి వేసే అడ్డం. కరకట్టలోని కరనూ అలాగే చూడాలి. తమిళంలో కరై అంటే ఒడ్డు. ఒడ్డున వేసిన కట్ట కరకట్ట. ఉండవల్లి వైపు రోజూ కరకట్ట రోడ్డు మీద తిరిగే మనం ఆ మాటలో ఉన్న రెండు పాత మాటలనూ తొక్కుతూ పోతున్నాం.

ఆ రాతి ఆనకట్ట దాదాపు నూరేళ్ళు నిలిచింది. 1952లో దానికి గండి పడింది. 1954లో మొదలుపెట్టి 1957కి కొత్త బ్యారేజీ కట్టారు. ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆయన కన్నుమూసిందీ 1957లోనే. బ్యారేజీ అన్న మాట వచ్చినందుకు నాకు విచారం లేదు. తలుపులు ఎత్తి దించే కొత్త నిర్మాణానికి కొత్త పేరు వచ్చింది. ఆనకట్ట అన్న మాటకు మన పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ చోటుంది, అడ్డుకట్ట వేయడం రోజూ వాడుతూనే ఉన్నాం.

కట్టకు పగమాట గండి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ఈ విజయవాడ నగరం ఆ రెండు మాటలనూ మళ్ళీ నేర్చుకుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే సమయంలో బుడమేరు మళ్ళింపు కాలవ కట్టకు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగర్ చుట్టుపక్కల లక్షలమంది రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయారు. ‘కట్ట తెగింది’ అన్న రెండు మాటలు ఆ రోజు ఫోన్లలో ఎలా పాకాయో ఈ సభలో చాలామందికి గుర్తుంటుంది. కట్ట తెగడం, కోపం కట్టలు తెంచుకోవడం, దుఃఖం కట్టలు తెంచుకోవడం అని మనం కథల్లో రాస్తాం. ఆ వాడుక వరద చూసినవాళ్ళ భాషలోంచి వచ్చింది.

నీటితోనే ముడిపడిన ఇంకో మాట ఆయకట్టు. ఆయం అంటే రాబడి. ఊరి భూమి మొత్తం ఎంత, దాని మీద రాబడి ఎంత అని కరణం కట్టిన లెక్క ఆయకట్టు. ఆ లెక్కలుండే తాటాకుల కట్ట, ఆ తర్వాత కాగితాల కట్ట, కవిలెకట్ట. కాలవలు వచ్చాక అర్థం మారింది. ఒక కాలవ కింద, ఒక చెరువు కింద తడిసే భూమి ఆయకట్టు అయింది. కృష్ణా డెల్టా ఆయకట్టు 13 లక్షల ఎకరాల పైమాటే అంటున్నామంటే, ఒకప్పటి శిస్తు మాటతో ఇప్పుడు నీటిని కొలుస్తున్నాం. రాజు చూపు రాబడి మీద ఉన్నప్పుడు పుట్టిన పదం రైతు చూపుకు తగినట్టు మళ్ళింది. ఇంగ్లీషు కాగితాల్లోనూ అది ఆయకట్టుగానే స్థిరపడింది. 1984లో కరణాలు పోయారు, కవిలెకట్టలు అటకెక్కాయి. ఆయకట్టు మాత్రం ఏ ఊళ్ళోనైనా రైతు నోట్లో ఉంది.

ఈ మాటకు చీకటి వైపు కూడా ఉంది. దాన్ని దాటవేస్తే మాస్టారు ఊరుకునేవారు కాదు. పారిపోయేదాన్ని నిలిపే మాటే, బతకనివ్వకుండా పట్టి ఉంచడానికీ వాడుకలోకి వచ్చింది. కులకట్టుబాట్లు, ఊరి కట్టడి. ఎవరితో కూర్చుని తినాలో, ఎవరిని కట్టుకోవాలో ఈ డెల్టా పల్లెల్లో కట్టుబాట్లే నిర్ణయించాయి. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చి, సహపంక్తి భోజనాలతో, కులాంతర వివాహాలతో ఢీకొన్నది ఈ కట్టుబాట్లనే. సరస్వతీ గోరా చివరిదాకా ఆ పనిలో ఉన్నారు. ఇదే వరసలో కట్నం. పూర్వం కట్నమంటే శుభకార్యంలో చదివించే కానుక. పెద్దలకూ, గురువులకూ ఇష్టపడి ఇచ్చుకునేది. ఇష్టపడి ఇచ్చేదానికి ‘ఇవ్వడం’ చాలు. అది ఆడపిల్ల తండ్రి మెడ మీద కూర్చున్న బాకీ అయ్యాక కట్నం అన్న మాటకు మనం ఇప్పుడెరిగిన అర్థం మిగిలింది. 1961లో చట్టం వచ్చింది. డెల్టాలో ఎకరాల లెక్కన మాట్లాడుకునే అలవాటు ఇంకా పోలేదు. కానుక తిరిగి కానుక అయ్యేదాకా ఆ మాట మన భాషకు మచ్చగానే ఉంటుంది.

పక్కనే కూచిపూడిలో ఇదే మాట వెలుగులోకి వస్తుంది. అక్కడ గజ్జె కడతారు, వేషం కడతారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కట్టి రంగం మీదికి వస్తే, తెర వెనక ఆయనను చూసిన వాళ్ళు కూడా ఆయన పురుషుడన్న సంగతి మరిచిపోయేవారని చెప్పుకుంటారు. వేషం వేయడం వేరు, కట్టడం వేరు. కట్టిన వేషం ఆట ముగిసేదాకా విడిపోదు. పాట సంగతీ అంతే. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటి వారు బాణీలు కట్టారు. గాలిలో పోయే స్వరాన్ని నలుగురూ తిరిగి పాడుకునేటట్టు ఒకచోట నిలపడం కాబట్టి అది కట్టడమే.

చివరగా ఒక విన్నపం. దానికి ముందు ఒక పని గురించి చెప్పాలి. నాట్ల రోజుల్లో నారుమడిలో దిగిన ఆడవాళ్ళు పిడికెడు పిడికెడుగా నారు పీకి, వేళ్ళకు పట్టిన బురదను నీళ్ళలో జాడించి, రెండు మూడు పిడికిళ్ళు ఒకటి చేసి ఎండుగడ్డి పరకతో చుట్టి మెలి తిప్పుతారు. గట్టి ముడి వేయరు. గట్టు మీదనుంచి విసిరినా విడిపోకూడదు, నాటేచోట ఒక్క లాగుకు ఊడి రావాలి. ఆ బిగువు ఎంతో చేతికే తెలుసు. అదే నారు కట్ట. ఇప్పుడు యంత్రంతో నాటే చోట నారును ట్రేలలో పెంచి చాపలా చుట్టి తీసుకెళ్తున్నారు. కొందరు నేరుగా వెదజల్లుతున్నారు. రైతుకు ఖర్చు తగ్గుతుంది, నడుములు విరిగే పని తగ్గుతుంది, అది మంచిదే. పనితో పాటు ఆ పని మాటలు మాత్రం ఎవరూ రాసుకోకుండా పోతున్నాయి. కట్ట అని నేను ఒక్క పేరు చెప్పాను. బందరు వైపు, రేపల్లె వైపు, ఏలూరు వైపు దాని కొలతకు, దాన్ని చుట్టే పరకకు, మోసే వరసకు వేరు వేరు పేర్లు ఉంటాయి.

ఈ పని ఎలా చేయాలో చూపించినవారు మనకున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో వచ్చింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. పరిశోధకులు ఊళ్ళకు వెళ్ళి, పని చేసేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, పనిముట్టు చూపించి పేరు అడిగి రాసుకున్న పుస్తకాలు అవి. ఆ తర్వాత కాలవలు మారాయి, యంత్రాలు వచ్చాయి, చెరువుల్లో చేపలు రొయ్యలు వచ్చాయి. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల కట్టల మీద ఇప్పుడు పుడుతున్న మాటలను ఎవరైనా రాసిపెడుతున్నట్టు నాకు తెలియదు. ఏలూరు, బందరు, రైవస్ కాలవల మీద పనిచేసి రిటైరైన లస్కర్లు ఇంకా ఉన్నారు. లాకు ఎలా తీస్తారు, మట్టం ఎలా చూస్తారు, కట్టకు చిన్న బుంగ పడితే ఏమంటారు, దాన్ని దేనితో కడతారు — ఈ నాలుగు సంగతులు అడిగి రాసుకోవడానికి విద్యార్థులకు ఒక పుస్తకం, ఒక ఫోను చాలు. మాస్టారి పేరిట వచ్చే సంవత్సరం ఉపన్యాసానికి బదులు ఈ ఖరీఫ్‌లోనే ఆ పని మొదలుపెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను. లస్కర్ల దగ్గరికి మొదటగా వెళ్ళేవాళ్ళలో నా పేరు రాసుకోండి.